విదొసావ చేతి నీళ్ళు

రోగం తగ్గాలని ఊట నీళ్ళు తాగడానికి మా ఊరు టొప్లిక్‌కు వచ్చి, విదొసావ చేత చీవాట్లు తినకుండా తిరిగి వెళ్ళిన మనిషి లేడు. బోర్ ఊరి రాగి గనుల నుంచి వచ్చిన ఆరడుగుల కార్మికుడైనా, పిత్తాశయంలో రాళ్ళతో బెల్‌గ్రేడ్ నుంచి దిగిన పెద్ద అధికారి అయినా ఆమెకు ఒకటే. తెల్లకోటు వేసుకుని ఊట మందిరం కిటికీ వెనక నిలబడి, గోరువెచ్చని నీళ్ళు గ్లాసులో పట్టి ఇచ్చేది. ఇచ్చి ఊరుకున్నా బాగుండేది. తాగేవాళ్ళ గొంతు వంకే చూస్తూ ఉండేది.

"అదేం తాగడం నాయనా! వెనక ఎవరైనా తరుముతున్నారా? ఒక గుక్క తాగు, నాలుగడుగులు వెయ్యి, మళ్ళీ ఒక గుక్క. గటగటా వంపుకోవడానికి ఇదేమన్నా పెళ్ళివారి రకియా సారానా?"

ఆ కార్మికుడు తలొంచుకుని నాలుగడుగులు వేసేవాడు. అధికారి కూడా వేసేవాడు. వెయ్యకపోతే రెండో గ్లాసు దొరకదు మరి.

రోజుకు ఎన్ని నీళ్ళు తాగాలి అని ఆమెను అడగని వాళ్ళు లేరు. శానిటోరియం డాక్టర్లు చీటీ మీద రాసి పంపినా సరే, జనం ఆ చీటీ జేబులో పెట్టుకుని మళ్ళీ ఈమెనే అడిగేవాళ్ళు. డాక్టరు చదువుకున్నది చెబుతాడు, వీదక్క చూసి చెబుతుంది అని వాళ్ళ నమ్మకం. అందరూ ఆమెను వీద అనే పిలిచేవాళ్ళు.

"రోజుకి ఎన్ని తాగాలక్కా?"

"ఎవరు? నువ్వా, మీ ఆవిడా, మీ గుర్రమా?"

తరవాత ఆ మనిషి పెదవులు చూసేది, కళ్ళ కింద చర్మం చూసేది, చెయ్యి పట్టుకుని నొక్కి చూసేది. చూసి, "ఇంకో అర గ్లాసు పట్టు" అనేది. నిజం చెప్పాలంటే ఆమె వైద్యం మొత్తం ఆ ఒక్క ముక్కే. నిద్ర పట్టడం లేదన్నా అదే, కోడలు మాట వినడం లేదన్నా అదే. మనుషుల రోగాల్లో సగం ఎండిపోవడం వల్లే వస్తాయనీ, నీళ్ళు ఎక్కువై చెడిపోయినవాడు డాన్యూబ్ నదిలో పడ్డవాడు తప్ప ఇంకొకడు లేడనీ ఆమె గట్టి అభిప్రాయం. ఆమె కోపం సంగతి తెలిసినవాళ్ళం కాబట్టి మేమెవరం ఎదురు చెప్పలేదు.

భర్త మిలూతిన్ శానిటోరియం బ్యాండులో పెద్ద ఇత్తడి బాకా ఊదేవాడు. మనిషి పొట్టి, బాకా పొడుగు. దూరం నుంచి చూస్తే బాకాయే మనిషిని ఊదుతున్నట్టు ఉండేది. పొద్దున్నే రోగులు గ్లాసులు పట్టుకుని లిండెన్ చెట్ల కింద పచార్లు చేస్తుంటే, వాళ్ళ నడకకు తగ్గట్టు బ్యాండు వాయించాలి. ఆ ఉద్యోగంలో చేరిన కొత్తలోనే ఒకరోజు పాటకీ పాటకీ మధ్య ఈమె కిటికీ దగ్గరికి వచ్చాడు.

"ఇవి రోగులకి. నీకేం రోగం?" అంది అప్పటికి పెళ్ళికాని విదొసావ.

"ఊదీ ఊదీ లోపల గాలి తప్ప ఏమీ మిగల్లేదు. అది రోగం కాదా?"

పోసింది. మర్నాడు కూడా వచ్చాడు. రేగుపళ్ళు పండే వేళకు పెళ్ళయిపోయింది. పిల్లలు కలగలేదు. ఏడ్చినన్నాళ్ళు ఏడ్చి, తరవాత ఆ ఊసు ఇద్దరూ ఎత్తలేదు. కానీ ఆనాటి నుంచి, రోగులకు కిటికీ తెరవక ముందు పట్టే మొదటి గ్లాసు మిలూతిన్‌ది. ఇంట్లో పోట్లాడుకుని మాటలు మానేసిన రోజున కూడా గ్లాసు మానలేదు. ఆమె మొహం అటు తిప్పుకుని ఇచ్చేది, ఆయన మొహం ఇటు తిప్పుకుని తాగేవాడు. తాగి గ్లాసు కింద పెట్టాక ఎవరో ఒకరు నవ్వేవాళ్ళు. ఆ సంసారంలో క్షమాపణలు చెప్పుకోవలసిన అవసరం రాలేదు.

ఇంకో మాట. మా టొప్లిక్‌లో కుళాయి నీళ్ళు తాగుతాం, ఊట నీళ్ళు పుచ్చుకుంటాం. ఊట నీళ్ళతో ఎవరూ కాఫీ కాయరు, బీన్సు ఉడకబెట్టరు, దాహం వేసిందని వెళ్ళి తాగరు. దాహానికి కుళాయి ఉంది. ఊట మందు. చిన్నప్పటి నుంచీ తల్లుల నోట విన్నది కనక అందులో ఆలోచించేదేమీ ఉండదు.

పెళ్ళయిన ఎన్నో ఏళ్ళకు, ఒక వసంతంలో మిలూతిన్ ఊపిరి పాట సగంలో తెగడం మొదలైంది. ఒకరోజు వాల్ట్జ్ నాట్యం మధ్యలో బాకా ఆగిపోయి, ఆడుతున్న వృద్ధ దంపతులు ఒక కాలు గాలిలో ఉంచి నిలబడిపోయారు. బ్యాండు మాస్టరు మంచివాడు. బాకా ఇంకొకరికి ఇచ్చి, ఈయన చేతికి కంచు తాళాలు ఇచ్చాడు. మిలూతిన్ ఇంటికి వచ్చి, "తాళాలు కొట్టడానికి కోతి చాలదూ" అని ఒక్క మాట అని ఊరుకున్నాడు. తరవాత కాళ్ళు ఉబ్బి చెప్పుల తాళ్ళు ముడిపడటం మానేశాయి. వీద ఆయన చీలమండ మీద బొటనవేలితో నొక్కింది. వేలు తీశాక కూడా గుంట అలాగే ఉంది, పిండి ముద్దలో దిగినట్టు.

"ఇదేం కాదు. లోపల పాత నీరు కదలకుండా కూచుంది. కొత్త నీరు పడితే అదే పోతుంది" అంది.

ఇంకో గ్లాసు పట్టింది. ఇంకోటి పట్టింది. వారం తిరక్కముందే మిలూతిన్ ఇంటి గుమ్మం మెట్లు ఎక్కలేక, మొదటి మెట్టు మీద కూచుండిపోయాడు. పెదవులు నీలంగా ఉన్నాయి. పక్కింటి నెవెన్క మొగుడు తన కారులో జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

అక్కడ గుండె డాక్టరమ్మ పేరు స్తానిమీరొవిచ్. చిన్న వయసు, అలసిన కళ్ళు, మాట మెత్తన. మాత్రలతో, సూదులతో ఆయన ఒంట్లో నీరంతా తీయించింది. మిలూతిన్ సగమయ్యాడు. ఇంటికి పంపే రోజున విదొసావను కూచోబెట్టి చెప్పింది.

"అమ్మా, ఈయన గుండె పాతబడిన పంపు. వచ్చిన నీళ్ళు తోడలేకపోతోంది. అందుకని మనం తక్కువ పొయ్యాలి. రోజుకి లీటరు, అంతే. కాఫీ, సూపు, పాలు, పళ్ళు ఉడికించిన రసం, పుచ్చకాయ, ఏది తడిగా లోపలికి పోతే అదంతా ఆ లీటరులోనే. ఉప్పు దగ్గరికి రానివ్వొద్దు. రోజూ పొద్దున్నే బరువు చూడండి."

"లీటరా? మా పిల్లి తాగుతుంది లీటరు!"

"మీ పిల్లి గుండె బాగుంది కదమ్మా."

 

దారిలో ఆమె ఏడ్చింది. ఊరు దగ్గరపడేసరికి కళ్ళు తుడుచుకుని, నడుం బిగించింది. ఇన్నాళ్ళూ ఊరందరి చేతా తాగించిన మనిషి, ఇప్పుడు సొంత మొగుడి చేత మాన్పించాలి. సరే, అదీ చేస్తాను, చేస్తే నా అంత బాగా ఎవరూ చెయ్యకూడదు అనుకుంది. ఆమె బుద్ధే అంత.

పొద్దున్నే ఒక లీటరు సీసా కుళాయి కింద నింపి బల్ల మీద పెట్టేది. ఆయనకు కాఫీ ఇస్తే, అంత కొలతకు నీళ్ళు సీసాలోంచి తీసి కిటికీలో జెరేనియం పూలకుండీలో పోసేది. సూపు పెడితే గిన్నెడు పోసేది. పుచ్చకాయ ముక్క పెట్టిన రోజున ముక్కను అటూ ఇటూ తిప్పి చూసి, అంచనా వేసి, మళ్ళీ కుండీలో పోసేది. సాయంత్రానికి సీసాలో మిగిలింది ఆయనది. మిలూతిన్ కుర్చీలో కూచుని తన నీళ్ళు పూలకు పోతుంటే చూస్తూ ఉండేవాడు.

"వాటి గుండె బాగుంది, అదృష్టం" అనేవాడు.

ఆ వేసవిలో మా వీధిలో అంత విరగబూసిన జెరేనియాలు ఇంకెవరింట్లోనూ లేవు.

మందులైతే ఒక్క పూట తప్పనివ్వలేదు. ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన పచ్చ మాత్ర, తెల్ల మాత్ర, నీరు తీసే మాత్ర వేళకు నోట్లో వేసేది. పొద్దున్న ఆయన్ను మెల్లిగా నడిపించుకుని ఊట దగ్గరికి తీసుకెళ్ళి మొదటి గ్లాసు ఇచ్చేది. మనిషి నీరసించి ఉన్నాడు కదా అని సాయంత్రం చిన్న కూజాలో ఇంటికి కూడా తెచ్చి మరో గ్లాసు ఇచ్చేది. ఆసుపత్రి తన పని చేస్తోంది, ఊట తన పని చేస్తోంది అని ధైర్యంగా ఉండేది.

ఒక ఆదివారం నెవెన్క వాళ్ళింటికి వెళ్ళారు, కారులో తీసుకెళ్ళినందుకు మంచిమాట చెప్పి రావాలని. నెవెన్క మర్యాదకు పెట్టింది పేరు. కూచోగానే పళ్ళెంలో అడవి స్ట్రాబెర్రీ పాకం, చెంచాలు, మనిషికో గ్లాసు నీళ్ళు తెచ్చింది. మా దగ్గర ఇంటికి వచ్చినవాళ్ళు చెంచాడు పాకం తిని, గ్లాసు నీళ్ళు తాగాకే మాటలు మొదలవుతాయి. అది కాదన్నవాడు శత్రువుతో సమానం. మిలూతిన్ చెంచా నోట్లో పెట్టుకున్నాడు. గ్లాసు కోసం చెయ్యి చాపాడు. అంతకన్నా ముందే విదొసావ చెయ్యి వచ్చి గ్లాసు తీసుకుంది, లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది, నెవెన్క పూలకుండీలో వంపేసింది.



"నా ఇంటి నీళ్ళు పారబోశావా?" అంది నెవెన్క.

"పారబొయ్యలేదే, చెట్టుకి పోశాను."

"మా అత్త బతికున్నప్పుడు ఆవిడ మీద కోపంతో కూడా ఈ ఇంట్లో ఎవరూ నీళ్ళు వంపలేదు! విషం పెట్టాననుకున్నావా?"

"విషమైతే ఒక చుక్క తాగనిచ్చేదాన్నేమో. ఇవి నీళ్ళు. డాక్టరమ్మ లెక్కలో ఇవాళ్టివి అయిపోయాయి."

పాకం నోటికి అంటుకుని, మింగలేక, మాట్లాడలేక మిలూతిన్ ఇద్దరివైపూ చూస్తున్నాడు. నెవెన్కకు ముందు కోపం వచ్చింది, తరవాత ఆయన మొహం చూసి నవ్వు వచ్చింది, ఆ తరవాత ఏడుపు వచ్చింది. ఒక నిమ్మ చెక్క కోసి ఆయన నోట్లో పెట్టింది. "చప్పరించవయ్యా. నీ పెళ్ళాం నీ దాహానికి కాపలా కాదు, జైలు" అంది.

ఆ వేసవి ఎండలు చెప్పనలవి కాదు. దాహం మామూలు మనిషికే నాలుక పిడచగట్టించే రోజులు. మిలూతిన్ నోట్లో నీళ్ళు పోసుకుని పుక్కిలించి ఉమ్మేసేవాడు, ఆమె ఎదురుగా నిలబడి ఉమ్మిందీ లేనిదీ చూసేది. ఆయన మొహం కడుక్కోవడానికి వెళితే తలుపు దగ్గర చెవి పెట్టేది.  ఊట దగ్గర రోజంతా వందమందికి పోసి, ఇంటికి వచ్చి ఒక్కడికి లేదని చెప్పడం ఎంత కష్టమో అది చేసినవాళ్ళకు తెలియాలి.

ఇంత చేసినా జూలై నడుమ మిలూతిన్ చెప్పుల తాళ్ళు మళ్ళీ ముడిపడటం మానేశాయి. బరువు ముల్లు రోజుకింత పైకి పోతోంది. రాత్రిళ్ళు దిండ్లకు ఆనుకుని కూచునే నిద్రపోతున్నాడు. విదొసావ సీసా వంక చూసింది, కుండీల వంక చూసింది. తన లెక్కలో తప్పు లేదు. లెక్క సరిగ్గా ఉండి మనిషి ఉబ్బుతున్నాడంటే ఒకటే అర్థం.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. విదొసావ ఈశ్వరుడికన్నా గట్టిగానే ప్రయత్నించింది. కుళాయి పిడి తడిగా ఉందేమో తడిమి చూసింది. ఆయన చొక్కా కాలరు వాసన చూసింది. నెవెన్కను గుచ్చి గుచ్చి అడిగి, మళ్ళీ మాటలు పోగొట్టుకుంది. బ్యాండు మాస్టరు దగ్గరికి వెళ్ళి, "తాళాలతో పాటు ఇంకేమన్నా ఇస్తున్నావా మా ఆయనకి?" అని నిలదీసింది. ఆయన పాపం తన తల్లి మీద ఒట్టు పెట్టుకున్నాడు. చివరికి ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర పేలిపోయింది.

"దొంగవయ్యా నువ్వు. నా కళ్ళు కప్పి నీళ్ళు తాగుతున్నావు."

మిలూతిన్ చెంచా కింద పెట్టాడు. ఏదో చెప్పబోయాడు, ఆగాడు.

"ఏం, నీళ్ళు నములుతావేం? చెప్పు! ఎక్కడ తాగుతున్నావు?"

"కుళాయి ముట్టుకోలేదు వీదా."

"ఒట్టు?"

"మా అమ్మ సమాధి మీద ఒట్టు."

"చచ్చిపోయినావిణ్ణి కూడా సాక్ష్యానికి లాగావూ! నీకు చావాలనే ఉంటే సూటిగా చెప్పు. నల్లబట్టలు కొనుక్కుంటాను, ఈ కొలవడాలు మానేస్తాను. నేను నీ కోసం ఊరందరితో శత్రుత్వం తెచ్చుకుంటుంటే, నువ్వు దొంగతనంగా గొంతు తడుపుకుంటావా?"

ఆయన మారు మాట్లాడలేదు. ఆ మౌనం చూసి ఆమెకు అనుమానం కాస్తా రూఢి అయిపోయింది. సాయంత్రం కూజా తెచ్చి, మాట్లాడకుండా గ్లాసులో పోసి, మొహం అటు తిప్పుకుని ఇచ్చింది. ఆయన తాగాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

రెండు రోజులకే మళ్ళీ ఆసుపత్రి. ఈసారి మిలూతిన్ కారులో కూచోలేక, అంబులెన్సులో వెళ్ళాడు. ఆయనకు ముక్కులో గొట్టాలు పెట్టి, సూదులు పొడిచి, కాస్త ఊపిరి అందాక డాక్టరమ్మ వరండాలోకి వచ్చింది. విదొసావ లేచి నిలబడింది.

"దొంగతనంగా తాగుతున్నాడమ్మా. నేను పట్టుకోలేకపోయాను. మీరైనా బెదిరించండి. నా మాట లెక్క లేదు ఈయనకి."

"ఉండండి. మీరు కోప్పడకుండా నాకొకటి చెప్పండి. పొద్దున్న లేచిన దగ్గర నుంచి ఈయన నోట్లోకి ఏమేం పోతాయి? వరసగా చెప్పండి."

విదొసావ చెప్పింది. పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. కాఫీ, దానికి తీసేసిన నీళ్ళు. ఉప్పు లేని రొట్టె. ఉడికించిన మిరపకాయలు. సూపు, దానికి తీసేసిన నీళ్ళు. డాక్టరమ్మ తల ఊపుతూ వింటోంది. ఇంత జాగ్రత్తగా చూసుకునేవాళ్ళు తన దగ్గర ఇంకెవరూ లేరనుకుంటోందని ఆమె మొహమే చెబుతోంది.

"మరి మందులు?"

"ఒక్కటి తప్పలేదు. పచ్చది, తెల్లది, నీటి మాత్ర, ఊట గ్లాసు. మళ్ళీ సాయంత్రం మాత్ర, ఊట గ్లాసు."

"ఊట గ్లాసంటే?"

"మా ఊరి ఊటమ్మా. టొప్లిక్ ఊట. దాని కోసం దేశమంతా వస్తుంది."

"అది పెద్ద గ్లాసా?"

"పెద్దదే. మనిషికి బలం రావాలి కదా."

 డాక్టరమ్మ విదొసావ చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది.

"అమ్మా, అవి నీళ్ళు."

"కాదమ్మా. నీళ్ళు కుళాయివి. ఇది..."

మాట అక్కడే ఆగిపోయింది. ఆమె నోటి వెంట వేలసార్లు వచ్చిన మాట అది. మందు. ఇప్పుడు అది నాలుక చివర నిలబడి ముందుకు రాలేదు.

"నీళ్ళమ్మా. పైగా ఉప్పు నీళ్ళు. పొట్టకి మంచివే, కాదనను. ఈ గుండెకి మాత్రం అంతకన్నా చెడ్డవి లేవు. ఇంక ఒక్క చుక్క కూడా వద్దు. లీటరు లెక్కలో కూడా వద్దు."

కంచె చేను మెయ్యడమంటే ఏమిటో విదొసావకు ఆ వరండాలో అర్థమైంది. సీసా పెట్టి, కొలిచి, కుండీల్లో వంపి, ఊరినంతా అనుమానించి, ముంచింది తనే. తన చేత్తోనే, రోజూ, రెండు పూటలా. పైగా ఆయన్ను దొంగ అంది. బల్ల మీద కూచుండిపోయి చేతుల వంక చూసుకుంది. అవి వేరే ఎవరివో అయితే బాగుండుననిపించింది.

సాయంత్రం ఆయన మంచం పక్కకు వెళ్ళింది. మిలూతిన్ కళ్ళు మూసుకుని ఉన్నాడు, మెలకువగానే ఉన్నాడు.

"దొంగని నేను" అంది.

ఆయన కళ్ళు తెరిచాడు. "చెప్పిందా డాక్టరమ్మ?"

"నీకు తెలుసా?"

మిలూతిన్ ఈసారి నిజంగానే నీళ్ళు నమిలాడు. దుప్పటి అంచు సవరించుకున్నాడు.

"తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"మొదటి రోజు నుంచే. లోపలికి తడిగా పోయేదంతా లెక్క అన్నది కదా ఆవిడ. గ్లాసు తడిగానే పోయేది."

"మరి నోరు మూసుకుని ఎందుకు తాగావయ్యా! నేను దొంగా అంటే కూడా పడి ఊరుకున్నావే! ఒక్క మాట అంటే ఏం పోయేది?"

"గ్లాసు పోయేది." ఆయన ఊపిరి కూడదీసుకున్నాడు. "దాహం వీదా. నన్ను మహాత్ముణ్ణి చెయ్యకు. దాహం అంటే ఎలా ఉంటుందో నీకు తెలీదు, దేవుడు తెలియనివ్వకూడదు కూడా. తెలిసీ తాగాను. సగం అందుకు."

"మిగతా సగం?"

"ఆ గ్లాసు ఇచ్చేటప్పుడు నీ మొహం నువ్వు చూసుకోలేదు కదా. నేను చూశాను. తెల్లారి లేచిన దగ్గర నుంచి నువ్వు జైలరువి. కొలవడం, వంపడం, వాసన చూడటం. ఆ ఒక్క గ్లాసు ఇచ్చేటప్పుడు మాత్రం నా పెళ్ళానివి. నిజం చెబితే అదీ పోతుంది. బతికి ఏం చేసుకోను అనుకున్నాను."

ఆమె ఆయన గుండెల మీద తల పెట్టబోయి, గొట్టాలు చూసి, చెయ్యి మీద పెట్టి ఏడ్చింది. కోపం, సిగ్గు, ప్రేమ అన్నీ కలిసి వచ్చిన ఏడుపు అది. దేనికి ఎంత అని విడదీసే ఓపిక ఆమెకు లేదు.

అప్పుడే డాక్టరమ్మ మందుల పళ్ళెంతో లోపలికి వచ్చింది. ఏడుస్తున్న మనిషి మొహం చూసి, పళ్ళెం పక్కన పెట్టి, అలవాటు చొప్పున ఆమె చేతి మీద చర్మం పట్టి వదిలింది. చర్మం ముడత అలాగే నిలబడింది. పెదవులు చూసింది. పగుళ్ళు.

"మీరు రోజుకి ఎన్ని నీళ్ళు తాగుతారమ్మా?"

"నేనా?"

ఆ ప్రశ్న ఆమెను జీవితంలో ఎవరూ అడగలేదు. విదొసావ ఆలోచించింది. పొద్దున్న కాఫీ. మధ్యాహ్నం కాఫీ. సూపు ఉన్ననాడు సూపు. ఊట దగ్గర కిటికీ తెరిచాక మూసేదాకా పోయడమే సరిపోయేది. ఇంటికొచ్చాక కాళ్ళు చాపుకుని పడుకోవడం సరిపోయేది. ఇక ఈ వేసవిలో అయితే, ఆయన ముందు గ్లాసెత్తడానికి చెయ్యి రాక, అసలు తాగిన గుర్తే లేదు.

"కాఫీ తాగుతానమ్మా" అంది చిన్నగా.

మంచం మీద మిలూతిన్ నవ్వబోయాడు. దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక నవ్వలేదు. పెళ్ళాం వంక అలా చూస్తూ ఉండిపోయాడు.

ఆగస్టు చివర్లో ఆయన్ను ఇంటికి పంపారు. చిక్కి సగమయ్యాడు కానీ చెప్పుల తాళ్ళు ముడిపడ్డాయి. బాకా ఇక జన్మలో ఊదకూడదన్నారు. తాళాలు కూడా వద్దన్నారు. విదొసావ ఆయన కోసం పెట్టిన సెలవు అయిపోయి పనిలోకి వచ్చింది. మొదటి రోజు పొద్దున్న, ఎవరూ రాకముందు, ఆమె చెయ్యి తనంత తనే గ్లాసు అందుకుని ఊట కింద పెట్టింది. సగం నిండాక గుర్తొచ్చింది. ఆ నీళ్ళు తొట్టెలో వంపేసి, కళ్ళు తుడుచుకుని, కిటికీ తెరిచింది. ఆ రోజు ఎవరినీ తిట్టలేదు. తిట్లు పడక రోగులకు ఏదో వెలితిగా అనిపించి, ఆమెకు ఒంట్లో బాగాలేదా అని ఒకరినొకరు అడిగారు.

మర్నాడు బ్యాండు రెండో పాటలో ఉండగా వరస చివర మిలూతిన్ కనిపించాడు. కర్ర ఊతంగా పట్టుకుని, ఒక చేతిలో కాగితం గ్లాసుతో, రోగుల వెనక రోగిలా నిలబడి ఉన్నాడు. ముందున్నవాళ్ళలో ఊరివాళ్ళు పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. ఊళ్ళో ఆ సంగతి తెలియనివాళ్ళు లేరు. ఆయన వద్దన్నాడు. తన వంతు వచ్చేదాకా ఆగి, కిటికీ ముందుకు వచ్చి, గ్లాసు గట్టు మీద పెట్టాడు.

విదొసావ చేతులు కోటు జేబుల్లోకి పోయాయి.

"నీకు లేదు" అంది.

అంత కాలంలో ఆ కిటికీలోంచి ఆ మాట బయటికి రావడం అదే మొదలు.  "ఎందుకొచ్చావయ్యా? నా చేత ఈ మాట కూడా అనిపించడానికా? లేదు. ఒక్క చుక్క కూడా లేదు. ఏడ్చినా లేదు."

"నాకని ఎవరన్నారు? పొయ్యి."

"మిలూతిన్!"

"పొయ్యవే. నేను ముట్టుకోను. ఇంతమంది సాక్ష్యం."

ఆమె ఆయన కళ్ళలోకి చూసింది. దొంగతనం లేదు. ఊట కింద గ్లాసు పట్టి, నింపి, గట్టు మీద పెట్టింది. ఆయన ఒక్క వేలితో, గ్లాసు తొణకకుండా, దాన్ని మళ్ళీ ఆమెవైపు జరిపాడు.

"పుచ్చుకో."

"జనం చూస్తున్నారయ్యా."

"చూడనీ. ఇన్నేళ్ళు నువ్వు వాళ్ళని చూశావు."

వెనక నిలబడ్డ కొత్త మనిషి ఒకడు, మెడలో తువ్వాలు వేసుకున్నవాడు, విసుక్కున్నాడు. "ఏంటి కామ్రేడ్, అక్కడ ఎంతసేపు?"

"కాస్త ఆగు బాబూ. డాక్టరు రాసింది" అన్నాడు మిలూతిన్ వెనక్కి తిరక్కుండానే.

"నీకా?"

"మా ఆవిడకి."

విదొసావ గ్లాసు తీసుకుంది. పెదవులకు ఆనించింది. మొదటి గుక్క మింగలేకపోయింది. "మెల్లిగా" అన్నాడాయన. రెండో గుక్క దిగింది. బ్యాండులో ఎవరో కొత్తవాడు పెద్ద బాకా తప్పుగా ఊదుతున్నాడు, మిలూతిన్ అటు తల తిప్పలేదు. కిటికీ గట్టు మీద రెండు మోచేతులూ ఆనించి, ఎండిన పెదవులు నాలుకతో తడుపుకుంటూ, ఆమె గొంతు వంకే చూస్తున్నాడు. ఆమె తాగుతున్నంతసేపూ ఆయన గుటకలు మింగుతూనే ఉన్నాడు.